పాత కారు వెనుక బ్రేకులు: శబ్దము చెప్పునది, చెప్పనిది

పంచారామములలో ఒకటియైన ద్రాక్షారామమునకు కార్తీక మాసమున వచ్చు కార్లకు లెక్క లేదు. అమరావతి, భీమవరము, పాలకొల్లు, ద్రాక్షారామము, సామర్లకోట - ఈ ఐదు క్షేత్రములను ఒక్క దినములోనే దర్శింపవలెనని తెల్లవారుజామున బయలుదేరు కుటుంబములు అనేకము. ఆ కార్లలో కొత్తవి కొన్ని, ఇరువది ఏండ్లు దాటినవి కొన్ని. బండి నిండ మనుష్యులు, పైన సామాను, కాలువ గట్ల వెంట దారి, వానకు తడిసిన రోడ్డు. ఇట్టి ప్రయాణములో బండిని నడుపు యంత్రము కంటె బండిని ఆపు యంత్రమే ముఖ్యము. అయినను మన గ్రామములలో ఇంజనును గూర్చి విచారించువారు ఎక్కువ, బ్రేకును గూర్చి విచారించువారు తక్కువ. అందునను వెనుక చక్రముల బ్రేకులను గూర్చి తలచువారు మరియు తక్కువ. ఈ పాఠమున వానిని గూర్చి పంచాయతీ సభ్యులకు ఉపయోగపడు విషయములను వివరింతుము.

ఒక అనుభవము

గత వర్షాకాలమున ద్రాక్షారామము ప్రాంతమున పర్యటించుచు ఒక గ్రామమున ఆగితిమి. ఆ ఊరి రైతు ఒకరికి పాత కారు కలదు. సొంత పనులకు కొన్నదే అయినను, రాత్రివేళ వీధిలో ఎవరికి ప్రాణము మీదికి వచ్చినను అంబులెన్సు అందనిచో ఆ కారే రామచంద్రపురమునకు గాని, సుమారు 30 కిలోమీటర్ల దూరమునగల కాకినాడకు గాని బయలుదేరును. మాటల నడుమ బ్రేకుల ప్రస్తావన వచ్చినది. రైతు ధీమాగా ఇట్లనెను:

"నెల్లాళ్ళపాటు వెనక చక్రం కీచుమని ఒకటే మోతండి. వారం నుంచి దానంతటదే తగ్గిపోయింది. ఇంకేం భయం లేదండి, ఆయ్."

ఊరిలోని మెకానిక్కు పిల్లవాడు ఆ మాట విని ఊరకుండలేదు. చక్రము విప్పి చూచెదనని పట్టుపట్టెను. డ్రమ్ము ఊడదీసిన తరువాత అతడు నెమ్మదిగా చెప్పిన మాట మాకు ఇప్పటికిని చెవిలో ఉన్నది.

"బాబాయి గారూ, మోత తగ్గడం కాదండి ఇది. సిలిండరు కారి లైనింగు ఆయిల్లో నానిపోయింది. ఈ చక్రానికి అసలు బ్రేకే లేదండి."

ముందు రోజు రాత్రియే ఆ కారులో ఒక నిండు గర్భిణిని ఆసుపత్రికి చేర్చియుండిరి. ఆ మాట తలచుకొని రైతు చాలసేపు మాటలాడలేదు. శబ్దము వచ్చినచో బ్రేకు చెడినదనియు, శబ్దము పోయినచో బాగుపడినదనియు భావించుట పొరపాటు. శబ్దము విప్పి చూడుమను హెచ్చరిక మాత్రమే. తీర్పు విప్పి చూచిన తరువాతనే. ఈ పాఠమునకు సారము ఇదియే.

డ్రమ్ము బ్రేకు ఎట్లు పనిచేయును?

చక్రముతోపాటు తిరుగు ఇనుప పోత గిన్నె వంటిది డ్రమ్ము. దాని లోపల చంద్రవంక ఆకారముగల రెండు షూలు ఉండును. షూల మీద రాపిడికి తట్టుకొను లైనింగు అంటించబడి గాని, రివెట్లతో బిగింపబడి గాని యుండును. బ్రేకు పెడలును త్రొక్కినప్పుడు గొట్టములలోని బ్రేకు ఆయిలు ఒత్తిడిని చక్రము వద్దనున్న చిన్న సిలిండరునకు చేర్చును. సిలిండరులోని పిస్టన్లు షూలను బయటికి నెట్టును. లైనింగు డ్రమ్ము లోపలి గోడను ఒరసికొనుటచే చక్రము నిలుచును. కాలు తీసినప్పుడు స్ప్రింగులు షూలను వెనుకకు లాగును.

ఈ ఒరపిడిలో బండి వేగము వేడిగా మారును. వెయ్యి కిలోల బరువుగల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి నిలుచుటలో పుట్టు వేడి, ఒక లీటరు నీటిని సుమారు 33 డిగ్రీలు వేడెక్కింపగలదు. పదే పదే బ్రేకు వేయునప్పుడు ఆ వేడి అంతయు డ్రమ్ములును లైనింగులును భరింపవలెను.

పాత అంబాసిడరు కార్లలో నాలుగు చక్రములకును డ్రమ్ములే యుండెడివి. మారుతి 800 వంటి బండ్లలో ముందు చక్రములకు డిస్కులు, వెనుక చక్రములకు డ్రమ్ములు ఉన్నవి. ఈ రెండు రకముల బండ్ల తయారీయు 2014లో నిలిచిపోయినది. కావున నేడు గ్రామములలో తిరుగుచున్నవన్నియు పాతబడినవే.

వెనుక బ్రేకు చెడినను ఎందుకు తెలియదు?

బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందునకు వాలును. అందుచే ఆపు పనిలో అధిక భాగము ముందు చక్రములే చేయును. ఒక్కరే కూర్చుండి నడపునప్పుడు వెనుక బ్రేకులు సగము చెడియున్నను బండి ఆగుచునే యున్నట్లు తోచును. వెనుక సీటు నిండి, డిక్కీలో సామాను చేరి, రోడ్డు తడిసినప్పుడు గాని లోపము బయటపడదు. అప్పటికి ఆలస్యమగును.

వెనుక బ్రేకుల వలన మరి రెండు ముఖ్యకార్యములు గలవు. మొదటిది హాండ్ బ్రేకు. అది సాధారణముగా వెనుక డ్రమ్ములలోని షూలనే బిగించును. కోటిపల్లి రేవులో పంటు మీద నిలిపిన కారునకు, గట్టు వాలున ఆపిన కారునకు అదియే ఆధారము. రెండవది ఆయిలు. పాత తరపు బండ్లు కొన్నింటిలో నాలుగు చక్రములకును ఆయిలు ఒకే మార్గమున పోవును. అట్టి బండిలో ఒక్క వెనుక సిలిండరు కారి ఆయిలు ఖాళీ అయినచో నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగా పోవును. తరువాతి బండ్లలో రెండు వేరు మార్గములు ఏర్పరచిరి. ఒకటి పోయినను రెండవది కొంత ఆదుకొనును.

దూరము లెక్క చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. అడ్డము చూచి కాలు పెడలుపై వేయుటకు ఒక సెకను పట్టిననుకొనుడు; ఆ 17 మీటర్లు అప్పుడే గడచిపోవును. మంచి బ్రేకులతో ఆ తరువాత సుమారు 23 మీటర్లలో, అనగా మొత్తము 40 మీటర్లలో బండి నిలుచును. బ్రేకుల బలము సగమునకు తగ్గినచో ఆ 23 మీటర్లు 46 అగును. మొత్తము 63 మీటర్లు. ఈ ఎక్కువైన 23 మీటర్లలోనే బడిపిల్లవాడు గాని, గేదె గాని, కాలువ మలుపు గాని ఉండవచ్చును.

శబ్దములను వినుట

వెనుక కుడి చక్రమా, ఎడమ చక్రమా అని తెలిసికొనుటకు వాహనములు తిరుగని దారిలో, గోడ ప్రక్కన, కిటికీలు దించి నెమ్మదిగా నడిపి వినవలెను. వినబడినదానిని ఈ క్రింది విధముగా పోల్చుకొనవచ్చును.

1. వానరాత్రి తరువాత ఉదయము మొదటి రెండు మూడు మారులు మాత్రమే కీచుమనుట: డ్రమ్ముపై పట్టిన పలుచని త్రుప్పు వలన కలుగును. కొద్దిసేపటిలో పోయినచో భయము లేదు.

2. బ్రేకు వేసిన ప్రతిసారియు కీచుమనుట: లైనింగు వేడికి గట్టిపడి అద్దమువలె నున్నబడుట, లోపల ధూళి చేరుట, షూ ఆనుకొను చోట్ల గ్రీజు ఎండిపోవుట కారణములు కావచ్చును. త్వరలో విప్పి చూడవలెను.

3. బ్రేకు వేసినప్పుడు గరగరమని లోహము లోహమును గీచిన ధ్వని: లైనింగు అరిగి రివెట్లు గాని, షూ ఇనుము గాని డ్రమ్మును కోయుచున్నట్లు గుర్తు. ఆ బండిని అంతటితో ఆపివేయవలెను. ఒక్క దినము ఆలస్యము చేసినను షూలతో పోవు ఖర్చు డ్రమ్ము దాక వచ్చును.

4. బ్రేకు వేయకున్నను చక్రము తిరిగిన కొలది సర్ సర్ మని రాచుకొనుట: షూ వెనుకకు రాకపోవుట, స్ప్రింగు విరుగుట, హాండ్ బ్రేకు కేబులు త్రుప్పుపట్టి పట్టుకొనుట కారణములు. కొంతదూరము నడిపి దిగి చూచినచో ఆ చక్రము మిగిలిన వానికంటె వేడిగా నుండును. కాలిన వాసన కూడ రావచ్చును. డ్రమ్మును చేతితో తాకరాదు. దగ్గరగా చేయి ఉంచినచో వేడి తెలియును.

5. త్రొక్కగానే టక్కుమని ఒక్కసారి చప్పుడు: షూలు వదులై కదలుటయో, వెనుక పళ్లెముపై షూ ఆను చోట గాడి పడుటయో కావచ్చును.

6. త్రొక్కినప్పుడు పెడలు కాలి క్రింద కొట్టుకొనుట: డ్రమ్ము గుండ్రముగా లేక వంకరపోయినదని గుర్తు.

7. వేగముతో పెరుగుచు, బ్రేకు వేసినను మారని గుర్ మను ధ్వని: ఇది బ్రేకుది కాకపోవచ్చును, చక్రపు బేరింగును చూడవలెను.

శబ్దము లేని గుర్తులు

మా రైతుమిత్రునికి జరిగినట్లు మౌనముగానే ముంచుకొని వచ్చు లోపములు కలవు. పెడలు మునుపటికంటె క్రిందికి దిగుచు, రెండు మూడు మారులు త్రొక్కినచో పైకి వచ్చుట షూలకును డ్రమ్మునకును ఎడము పెరిగినదని తెలుపును. పెడలు మెత్తగా దూదివలె అణగినచో గొట్టములలో గాలి చేరినది. గట్టిగా త్రొక్కి పట్టినప్పుడు నెమ్మదిగా దిగిపోవుచున్నచో ఎచ్చటనో ఆయిలు కారుచుండును, లేదా మాస్టరు సిలిండరులోని రబ్బర్లు అరిగియుండును. హాండ్ బ్రేకు లీవరు మునుపటికంటె అనేక పళ్ళు పైకి వచ్చుట, బండి ఒక ప్రక్కకు లాగుట, చక్రము లోపలి వైపున టైరుపై తడి మరక, ఆయిలు డబ్బాలో మట్టము తగ్గుట - వీనిలో ఏ ఒక్కటి కనబడినను బండిని ప్రయాణమునకు తీయరాదు. మట్టము తగ్గినదని ఆయిలు పోసి ఊరకుండుట రోగమును కప్పిపుచ్చుటయే.

విప్పి చూచుట

సమముగా, గట్టిగా నున్న నేలపై బండిని నిలిపి, ముందు చక్రములకు రెండు వైపులను చెక్క దుంగలు అడ్డుపెట్టవలెను. చక్రము నేలపై నుండగానే నట్లను కొంచెము వదులు చేసి తరువాత జాకీ ఎత్తవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రిందికి చేయి పెట్టరాదు. ఇనుప స్టాండు ఉంచవలెను. ఇటుకలు బరువునకు పగిలిపోవును, వానిని వాడరాదు. ఇప్పుడు హాండ్ బ్రేకును వదలినగాని డ్రమ్ము రాదు. కొన్ని బండ్లలో డ్రమ్ముతోపాటు బేరింగు కూడ ఊడి వచ్చును. అట్టివానిని మెకానిక్కు చేతనే విప్పింపవలెను.

ధూళి విషయమున అందరును జాగ్రత్త వహింపవలెను. పాత లైనింగులలో ఆస్బెస్టాసు వాడెడివారు. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి అనేక సంవత్సరముల తరువాత కాన్సరు వంటి ప్రాణాంతక వ్యాధులను కలిగించును. షెడ్డులలో నోటితోను, గాలి గొట్టముతోను ధూళిని ఊదు అలవాటును మానిపింపవలెను. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను. ముక్కునకు సరియైన మాస్కు ఉండవలెను. పిల్లలను దరికి రానీయరాదు.

ఒక వైపు పని ముగిసిన తరువాతనే రెండవ వైపు విప్పవలెను. ఏ స్ప్రింగు ఎచ్చట నుండెనో అనుమానము వచ్చినప్పుడు విప్పని వైపు నమూనాగా ఉపయోగపడును. డ్రమ్ము తీసియున్నప్పుడు ఎవరును పెడలు త్రొక్కరాదు. పిస్టన్లు బయటికి వచ్చును.

అటుపిమ్మట వరుసగా చూడవలసినవి:

లైనింగు మందము. కంపెనీవారి పుస్తకములోని కొలతయే ప్రమాణము. పుస్తకము లేనిచో, అతి పలుచని చోట సుమారు ఒకటిన్నర మిల్లీమీటరునకు తగ్గినను, రివెట్టు తలలు పైకి తేలుటకు సిద్ధముగా నున్నను మార్చుటయే మేలు. మధ్యను మాత్రమే కాక రెండు కొసలను కూడ చూడవలెను.

లైనింగు తడి. సిలిండరు రబ్బరు టోపీని కొంచెము ఎత్తి చూచినప్పుడు ఆయిలు కారినచో సిలిండరును బాగుచేయించవలెను లేదా మార్చవలెను. ఆయిలులో నానిన లైనింగును పెట్రోలుతో కడిగి, గరుకు కాగితముతో రుద్ది తిరిగి వాడుట కొందరి అలవాటు. ఆయిలు లోపలికి ఇంకియుండును. అది మరల వేడికి పైకి వచ్చును. అట్టి లైనింగును పారవేయవలెను.

డ్రమ్ము. లోపలి గోడపై లోతైన గీతలు, అంచున పెరిగిన గట్టు, నీలిరంగు మచ్చలు, పగుళ్లు వెదకవలెను. ఎంత వ్యాసము వరకు వాడవచ్చునో డ్రమ్ముపైననే పోతపోసి యుండుట పరిపాటి. లేతు మిషనుపై కోయించిన తరువాత ఆ కొలతను మించినచో గాని, పగులు కనబడినచో గాని డ్రమ్మును మార్చవలసినదే.

స్ప్రింగులు, అడ్జస్టరు, కేబులు. సాగిన స్ప్రింగును మార్చవలెను. అడ్జస్టరు చేతితో తిరుగవలెను. షూ ఆను చోట్ల వేడికి కరగని గ్రీజును పలుచగా పూయవలెను, లైనింగుకు అంటనీయరాదు.

ఒక చక్రపు షూలు బాగుగా అరిగి, రెండవ చక్రపువి కొత్తవివలె నున్నచో సంతోషింపరాదు. కొత్తవివలె నున్న వైపు సిలిండరు పట్టుకొనిపోయి పనిచేయకుండుట వలన కావచ్చును. షూలను మార్చునప్పుడు రెండు చక్రములకును కలిపి మార్చవలెను. ఒక వైపే మార్చినచో బండి ప్రక్కకు లాగును.

పని ముగిసిన తరువాత పెడలు గట్టిపడువరకు త్రొక్కి, హాండ్ బ్రేకు సరిచేసి, ఖాళీ స్థలమున నెమ్మదిగా పరీక్షింపవలెను. కొత్త లైనింగు డ్రమ్మునకు పూర్తిగా అతుకుటకు కొన్ని వందల కిలోమీటర్లు పట్టును; అంతవరకు వేగము తగ్గించి నడుపవలెను.

మన నేల, మన నీరు

డెల్టా గ్రామములలో తేమ ఎక్కువ. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 3 రకపు ఆయిలు కొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీలకు తక్కువ కాని వేడిమి వద్ద మరుగవలెనని ప్రమాణము. తేమ పీల్చిన తరువాత ఆ ప్రమాణము 140 డిగ్రీలు మాత్రమే. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టి పెడలు ఒక్కసారిగా అణగిపోవును. ఆ తేమయే సిలిండరు లోపల త్రుప్పు పట్టించి కారుటకు కారణమగును. కావున రెండేండ్లకు ఒకసారి ఆయిలు మార్చుట మంచిది. ఇంజను ఆయిలు గాని మరే నూనె గాని అందులో చుక్కయైనను పోయరాదు. రబ్బర్లు ఉబ్బి బ్రేకులన్నియు చెడును.

వరద నీటిలోనుండి వచ్చిన తరువాత డ్రమ్ములలో నీరు నిలిచి బ్రేకు జారును. వెనుక ఎవరును లేరని చూచుకొని, నెమ్మదిగా పోవుచు పెడలును తేలికగా పలుమారులు త్రొక్కినచో ఆ వేడికి లోపల ఆరును. వానరాత్రి హాండ్ బ్రేకు వేసి రోజుల తరబడి నిలిపియుంచినచో షూ డ్రమ్మునకు అంటుకొనిపోవును. సమమైన నేలపై గేరులో ఉంచి, చక్రమునకు దుంగ అడ్డుపెట్టుట మేలు.

పంచాయతీ సభ్యులు చేయదగినది

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పిమ్మట తనిఖీతో పునరుద్ధరింపవలెను. బాడుగ బండ్లకును, బడి బండ్లకును ఫిట్‌నెస్ పత్రము తప్పనిసరి. అయినను ఒకనాటి తనిఖీ ఏడాది పొడవున కాపాడదు.

ఏటేట రెండు మారులు - జూన్ మాసమున వానలు పడుటకు ముందు ఒకసారి, కార్తీక ప్రయాణములకు ముందు ఒకసారి - ఊరిలోని పాత బండ్ల వెనుక డ్రమ్ములు విప్పించుట వాడుకగా మారవలెను. ఆపదలో ఊరికి ఆదుకొను బండ్లు ఏవియో సభ్యులకు తెలియును. ముందుగా వానితో మొదలుపెట్టుడు. పంచాయతీ చెత్త సేకరణకు వాడు ఆటోలకు కూడ డ్రమ్ములుండును, వానిని మరువరాదు. పిల్లలను బడికి చేర్చు బండి నడుపువానిని, చివరిసారి వెనుక చక్రములు విప్పినది ఎప్పుడని అడుగుడు. తేదీ చెప్పలేనిచో అదియే సమాధానము. తేదీని, మార్చిన వస్తువులను ఒక చిన్న పుస్తకములో వ్రాయుట అలవాటు చేయుడు. పాత బండి ఉన్నవాడు తరచుగా లేనివాడే. అతనిని నిందించుట వలన ఫలము లేదు. అతని బండి వలన మేలు పొందు వీధివారు షూల ఖర్చులో తలా కొంత పంచుకొనుట ధర్మము.

ఆ రైతు కారునకు నాడు రెండు వెనుక చక్రములకును కొత్త సిలిండర్లు, కొత్త షూలు వేసిరి. సాయంకాలము ఖాళీ పొలము దారిలో నడిపి చూచినప్పుడు కొత్త లైనింగు కొంచెము కీచుమన్నది. రైతు ఉలికిపడి మెకానిక్కు వైపు చూచెను. లోపల ఏమున్నదో చూచి వచ్చినవాడు గనుక ఆ పిల్లవాడు నవ్వి, "ఇది అతుక్కునేదాకా ఉండే మోతేనండి బాబాయి గారూ, వారం తర్వాత మళ్ళీ విప్పి చూద్దామండి" అనెను. వారము దినముల తరువాత విప్పి చూచిరి. లైనింగు పొడిగా, సమముగా అరుగుచుండెను.